పాపాఘ్ని తీరం నుంచి అమెరికా విశ్వవిద్యాలయాల దాకా: ఒక దరఖాస్తు చరిత్ర

కడప జిల్లాలో పాపాఘ్ని నది గండి దగ్గర కొండల వరుసను చీల్చుకుని మైదానంలోకి దిగే చోటికి చేరువలో వేంపల్లె ఉంది. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలతో పాటు ఇది కూడా వేరుశనగ, చీనీ, అరటి సేద్యం మీద, ముగ్గురాయి, నాపరాయి గనుల మీద, ప్రొద్దుటూరు బంగారు వర్తకం మీద ఆధారపడి బతికిన మెట్టసీమ. ఈ ఊరి పేరును విదేశీ గ్రంథాలయాలకు మొదట మోసుకుపోయినవి ఇక్కడి రాళ్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన విలియం కింగ్, కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద 1872లో వెలువరించిన గ్రంథంలో ఇక్కడి సున్నపురాతి, పలకరాతి పొరలను వేంపల్లె పేరుతోనే గుర్తించగా, ఆ పేరు నేటికీ భూగర్భశాస్త్రంలో నిలిచి ఉంది. ఊరి పేరు అలా ప్రపంచానికి తెలిసిన తర్వాత, ఊరి పిల్లలు అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టుకోవడం మామూలు విషయం కావడానికి మరో శతాబ్దానికి మించి పట్టింది.

ఆ జాప్యానికి కారణాలను వెతికేటప్పుడు దరఖాస్తు అనే కాగితాల కట్టనే విడదీసి చూడటం మేలు. అమెరికా విశ్వవిద్యాలయం పరాయిదేశపు విద్యార్థిని ఎప్పుడూ మూడు సాక్ష్యాలు అడుగుతూనే వచ్చింది. అతడు చదివిన చదువు తమ చదువుతో తూగుతుందా అన్నది మొదటిది, అతడు ఎటువంటివాడో తమకు నమ్మకమైన మనిషి ఎవరైనా చెబుతారా అన్నది రెండవది, చదువు పూర్తయ్యేదాకా అతడి ఖర్చు ఎవరు భరిస్తారన్నది మూడవది. ఈ మూడింటిలో ఏది బరువైనది, దానిని ఇచ్చే అధికారం ఎవరిది అన్న విషయాలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. తెలుగు నేల మీద, ముఖ్యంగా రాయలసీమలో, ఆ అధికారం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉంది, అది వేంపల్లె వంటి ఊరికి ఎంత దూరంలో ఉంది అన్నదే ఈ చరిత్రకు వెన్నెముక.

సిఫారసుల కాలం

తెలుగు జిల్లాలకు అమెరికా పరిచయం మొదట క్రైస్తవ మిషన్ల ద్వారా కలిగింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరులో అమెరికన్ లూథరన్లు పందొమ్మిదవ శతాబ్దంలోనే బడులు, ఆసుపత్రులు, కళాశాలలు నెలకొల్పగా, మదనపల్లెలో మరో అమెరికన్ సంఘమైన ఆర్కాట్ మిషన్ పనిచేసింది. మదనపల్లె తాలూకా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోనే ఉండేది. అయితే కడప పట్టణంలోనూ జమ్మలమడుగులోనూ ఉన్నది బ్రిటిష్ సంస్థ అయిన లండన్ మిషన్. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఆ సంస్థ స్థాపించినదే. మిషన్ పాఠశాలలో చదివిన కుర్రవాడికి పై చదువుల గురించి చెప్పగలిగినవాడు, ఉత్తరం రాసి పంపగలిగినవాడు ఆ మిషన్ దొర ఒక్కడే అయిన రోజుల్లో, ఆ దొర ఏ దేశం వాడన్నది చిన్న విషయం కాదు. గుంటూరు వారికి అమెరికా ఎంత దగ్గరో, పెన్నా, పాపాఘ్ని తీరాల వారికి లండన్ అంత దగ్గర.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా వెళ్లిన తెలుగువారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య 1912లో చదువు కోసం కాలిఫోర్నియా చేరి, అక్కడ గదర్ పార్టీలో కలిసి, తర్వాత ఆ అనుభవాలను ‘నేనూ నా దేశం’ అనే ఆత్మకథగా రాశాడు. ఉయ్యూరుకు చెందిన కొలచల సీతారామయ్య చికాగో, యేల్ విశ్వవిద్యాలయాల్లో రసాయనశాస్త్రం చదివి, అక్కడి నుంచి సోవియట్ దేశానికి వెళ్లి స్థిరపడ్డాడు. మరాఠీ నేల నుంచి అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానపు విద్యార్థి వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. సంస్థానాధీశుడి దయ, మిషన్ సిఫారసు, ధర్మసత్రపు నిధి: వీటిలో ఒకటి లేనిదే ఆ కాలంలో దరఖాస్తుకు అర్థం లేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయాణంలో ఈ సాక్ష్యాల లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. మద్రాసు వైద్య కళాశాల ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వక, దానికన్నా తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతో సరిపెట్టింది. అందువల్ల చదువుకు సంబంధించిన సాక్ష్యం బలహీనంగానే ఉన్నా, ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి ప్రత్యేకించిన హార్వర్డ్ పాఠశాల ఆయనకు చోటిచ్చింది. ఖర్చు భారాన్ని మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థా పంచుకున్నారు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరిన సుబ్బారావు రాత్రిపూట ఆసుపత్రిలో చిల్లర పనులు చేసుకుంటూ చదివి, 1930లో హార్వర్డ్ నుంచి జీవరసాయనశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నాడు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అప్పటికే, 1925లో, అచ్చయి ఉంది. తర్వాతి తరాలకు ఎంతో పనికివచ్చే ఒక సూత్రం ఆయన జీవితంలో కనిపిస్తుంది: పట్టా తక్కువదైనా, ప్రయోగశాలలో చేసిన పనిని చూసిన ఆచార్యుడి మాట ఆ లోటును పూడ్చగలదు.

అమెరికా చట్టాలు అప్పట్లో ఆసియా వారి వలసకు అడ్డుగోడలుగా ఉండేవి. 1917 నాటి చట్టం భారతదేశాన్ని నిషిద్ధ మండలంలో చేర్చగా, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం పొందే అర్హత లేదని తీర్పు చెప్పింది. ఇంత కట్టడిలోనూ విద్యార్థులకు మాత్రం మినహాయింపు నిలిచింది. చదువు ముగియగానే తిరిగి పోతాడన్న నమ్మకం మీద విద్యార్థిని రానివ్వడం అనే ఈ పాత ఆలోచనే, 1952 నాటి చట్టంలో ఎఫ్ తరగతి వీసాగా రూపుదిద్దుకుని, నేటికీ కాన్సులేట్ కిటికీ దగ్గర ప్రతి విద్యార్థినీ తిరిగి వస్తావా అని ప్రశ్నిస్తోంది.

ఒప్పందాల కాలం

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత సాక్ష్యం ఇచ్చే అధికారం మిషన్ల నుంచి ప్రభుత్వాలకు మారింది. భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య 1950 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో ఫుల్‌బ్రైట్ విద్యార్థి వేతనాలు మన దేశానికి వచ్చాయి. 1951లో ధాన్యపు కరువు తీర్చడానికి అమెరికా ఇచ్చిన గోధుమ రుణం మీది వడ్డీలో కొంత భాగాన్ని పుస్తకాలకూ, ఆచార్యుల రాకపోకలకూ కేటాయించారు. షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యార్థులను విదేశాలకు పంపే జాతీయ విద్యార్థి వేతన పథకం 1954–55లో మొదలైంది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ అండగా నిలవడంతో, ఎందరో వ్యవసాయ అధ్యాపకులు అక్కడికి వెళ్లి పై పట్టాలు తెచ్చుకున్నారు. చర్మ పరిశోధనలో ప్రఖ్యాతి గాంచిన యలవర్తి నాయుడమ్మ లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి తిరిగి వచ్చినవాడు. ఆ కాలపు విదేశీ చదువు ఎక్కువగా ఉద్యోగంలో ఉన్నవారికి, తిరిగి వచ్చి అదే ఉద్యోగంలో చేరేవారికి దక్కిన అవకాశం.

రాయలసీమకు ఈ దశలో దక్కిన అసలు లాభం చదువు సంస్థలు దగ్గరకు రావడమే. అనంతపురంలో 1916 నుంచి సీడెడ్ జిల్లాల కళాశాల ఉండగా, 1946లో ఏర్పడిన ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల కూడా అక్కడ నెలకొన్నది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1957లో కర్నూలు వైద్య కళాశాల వచ్చాయి. అంతకు ముందు మద్రాసుకు పోతే తప్ప దొరకని పట్టా అప్పటి నుంచి సీమలోనే దొరకసాగింది.

ఈ ఒప్పందాల కాలానికీ, తర్వాత వచ్చిన పరీక్షల కాలానికీ సంధిలో నిలిచినవాడు రాజ్ రెడ్డి. శ్రీకాళహస్తికి దగ్గరలోని కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో 1958లో పట్టా పొంది, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే కంప్యూటర్లతో పనిచేసిన అనుభవంతో స్టాన్‌ఫర్డ్ చేరిన ఆయన, కృత్రిమ మేధకు ఆద్యుల్లో ఒకడైన జాన్ మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేట్ పొందాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేసిన కృషికి 1994లో, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది. సీమ పల్లె నుంచి అమెరికాలోని అగ్రశ్రేణి విశ్వవిద్యాలయానికి వెళ్లే దారి, పరిశోధన ద్వారానే సాగినట్టు ఆయన ఉదాహరణ కూడా చూపుతుంది. ఆయన పేరు ఈ కథలో వేంపల్లె దగ్గర మళ్లీ వస్తుంది.

పరీక్షల కాలం

1965 అక్టోబరులో ఆమోదం పొందిన అమెరికా వలస చట్టం దేశాల వారీ వివక్షను తొలగించడంతో తెలుగు వైద్యులు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లసాగారు. అప్పటికే అమెరికాలో దరఖాస్తుదారులను కొలిచే ఉమ్మడి తూనికలు తయారై ఉన్నాయి. పట్టభద్రుల ప్రవేశానికి ఉద్దేశించిన జీఆర్ఈ పరీక్ష 1936లో కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాల ప్రయోగంగా మొదలై, 1947లో ఏర్పడిన ఈటీఎస్ సంస్థ చేతికి వెళ్లింది. ఇంగ్లిషు మాతృభాష కానివారి కోసం టోఫెల్ పరీక్ష 1964లో ప్రారంభమైంది. ఎవరి సిఫారసూ లేని విద్యార్థికి ఈ పరీక్షలు తొలిసారిగా సొంత గొంతునిచ్చాయి: కడప కుర్రవాడి మార్కూ, కలకత్తా కుర్రవాడి మార్కూ ఒకే కొలమానం మీద కనిపించసాగాయి.

అయినా ఆ పరీక్షలను చేరుకోవడమే పెద్ద పనిగా ఉండేది. దరఖాస్తు పత్రం పంపమని విశ్వవిద్యాలయానికి ఏరోగ్రామ్ రాయడం, నెలల తర్వాత వచ్చిన పత్రాన్ని టైపు చేయించడం, డాలర్లలో కట్టాల్సిన రుసుముకు బ్యాంకు చుట్టూ తిరగడం, ఏడాదిలో కొన్ని నిర్ణీత తేదీల్లో మాత్రమే జరిగే పరీక్షకు పెద్ద నగరానికి పోవడం, ఇవన్నీ చేతికి అందని పనులే. విదేశీ మారకద్రవ్యం కరువుగా ఉన్న ఆ రోజుల్లో చేతిలో ఎనిమిది డాలర్లతో విమానం ఎక్కామని ఆ తరం వారు చెప్పుకోవడం పరిపాటి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గి డాలరుకు 4.76 నుంచి 7.50కి చేరడంతో, సొంత డబ్బుతో అమెరికాలో చదవడం మధ్యతరగతి రైతుకు ఊహకు అందని మాట అయింది. కాబట్టి వెళ్లినవారిలో చాలామంది అసిస్టెంట్‌షిప్ దొరికితేనే వెళ్లారు. అంటే, పాఠాలు చెప్పడంలోనో పరిశోధనలోనో విద్యార్థి చేత పని చేయించుకుని, అందుకు బదులుగా విశ్వవిద్యాలయం ఫీజు మాఫీ చేసి నెలనెలా భృతి ఇచ్చే ఏర్పాటు. ఈ ఏర్పాటు వల్ల డబ్బు సాక్ష్యం బరువు పూర్తిగా చదువు సాక్ష్యం మీదికి జరిగింది.

చదువు సాక్ష్యంలోనూ ఒక మెలిక ఉంది. అమెరికాలో మాస్టర్స్ చేరడానికి బడి, కళాశాల కలిపి పదహారేళ్ల చదువు కావాలని అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావరకు పట్టుబట్టేవి. మూడేళ్ల బి.ఎస్సీ. చదివినవాడి లెక్క పదిహేనేళ్ల దగ్గర ఆగిపోగా, నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివినవాడి లెక్క సరిపోయేది. తెలుగువారి అమెరికా చదువు దాదాపు పూర్తిగా ఇంజినీరింగ్ బాట పట్టడానికి ఉద్యోగాల ఆకర్షణతో పాటు ఈ లెక్క కూడా ఒక కారణం. ఇక మార్కుల పత్రాలను విశ్వవిద్యాలయ అధికారి ధ్రువీకరించి, కవరులో పెట్టి, అతుకు మీద సంతకం చేసి ముద్ర వేసి ఇవ్వాలి; వాటినే ట్రాన్‌స్క్రిప్టులు అంటారు. వాటి కోసం కడప జిల్లా పట్టభద్రుడు తిరుపతికో హైదరాబాదుకో పోక తప్పేది కాదు. వీసా కోసమైతే బొంబాయి–మద్రాసు రైలు మార్గంలో ఉన్న యర్రగుంట్లలోనో కడపలోనో బండెక్కి మద్రాసు కాన్సులేట్ ముందు నిలబడాలి.

ఇదే కాలంలో కడప జిల్లాకు మరో విదేశీ దారి తెరుచుకుంది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు కూలి పనులకు, డ్రైవర్ ఉద్యోగాలకు, ఇంటి పనులకు వేలాది మంది వెళ్లసాగారు. ఆ దారిలో ముందు వెళ్లిన బంధువు తెచ్చే వీసా ఉంటే చాలు, మార్కులతో పనిలేదు. అమెరికా దారిలో బంధువు ఉన్నా అతడి మాట విశ్వవిద్యాలయంలో చెల్లదు. ఒకే జిల్లాలో ఈ రెండు వలసలు పక్కపక్కనే నడిచినా, మొదటిది ఊళ్లకు ఊళ్లనే తీసుకుపోయింది, రెండవది చాలాకాలం కొన్ని కుటుంబాల దగ్గరే ఆగింది.

పైకం కాలం

1990 తర్వాత కంప్యూటర్ ఉద్యోగాల వెల్లువ ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసింది. కడపలో 1980లోనే కేఎస్ఆర్ఎం ఇంజినీరింగ్ కళాశాల ఉండగా, 1990ల చివరి నుంచి జిల్లా జిల్లాకూ ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు వెలిశాయి. 2006లో పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చాయి. పులివెందుల నుంచి ఎదిగి ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాన్ని ప్రవేశపెట్టడంతో, ఇంజినీరింగ్ పట్టా అనే చదువు సాక్ష్యం సన్నకారు రైతు ఇంటికీ చేరింది. 2008లో జేఎన్‌టీయూ విడిపోయి అనంతపురంలో వేరే విశ్వవిద్యాలయంగా ఏర్పడటంతో ట్రాన్‌స్క్రిప్టుల కోసం హైదరాబాదు పోవలసిన పని తప్పింది. 2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమై, మరుసటి ఏడాది నుంచి వీసాలు ఇవ్వసాగింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది.

కాగితాలు దగ్గరైన కొద్దీ డబ్బు సాక్ష్యం బరువెక్కింది. ఈ తరం వారు ఎక్కువగా చేరింది అసిస్టెంట్‌షిప్ అరుదుగా దొరికే, ఫీజు మొత్తం కట్టుకోవలసిన రెండేళ్ల ఎంఎస్ చదువుల్లో. ప్రవేశం ఖాయమయ్యాక విశ్వవిద్యాలయం పంపే ఐ-20 అనే పత్రం మీద మొదటి ఏడాది ఖర్చు ఎంతో, అది ఎక్కడి నుంచి వస్తుందో అచ్చువేసి ఉంటుంది. ఆ మొత్తానికి తగిన నిల్వను చూపితే తప్ప ఆ పత్రం రాదు. భారతీయ బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా విద్యారుణ పథకం విదేశీ చదువుకు 15 లక్షల రూపాయల దాకా అప్పు ఇవ్వవచ్చని చెప్పింది గాని, పెద్ద మొత్తానికి ఆస్తి తాకట్టు కావాలని షరతు పెట్టింది. మెట్టసీమ రైతుకు ఇక్కడే చిక్కు వచ్చింది. అప్పు మొండిబకాయి అయితే తాకట్టును బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకునే వీలు కల్పించిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి మినహాయించింది. రైతును కాపాడటానికి పెట్టిన ఆ మినహాయింపు వల్లనే బ్యాంకులు పొలం తాకట్టు మీద విద్యారుణం ఇవ్వడానికి వెనుకాడాయి. పది ఎకరాల చీనీ తోట ఉన్నవాడి కన్నా, పట్టణంలో చిన్న మిద్దె ఉన్నవాడికి అప్పు సులువుగా పుట్టింది. లేనివారు బంగారం కుదువపెట్టి, వడ్డీకి తెచ్చి, బంధువు పేరున ఉన్న ఇంటిని హామీగా చూపి గడుపుకున్నారు.

ఈ అవసరాల చుట్టూ కన్సల్టెన్సీ అనే కొత్త వ్యాపారం పెరిగింది. హైదరాబాదు అమీర్‌పేటలోనూ, తర్వాత జిల్లా పట్టణాల్లోనూ వెలసిన ఈ దుకాణాలు విశ్వవిద్యాలయాల జాబితా తయారు చేయడం, ఎస్ఓపీ రాసి ఇవ్వడం, ఖాతాలో నిల్వ చూపించడం, వీసా స్లాట్ పట్టడం వంటి పనులన్నీ చేసిపెట్టాయి. ఎస్ఓపీ అంటే తాను ఏ చదువు ఎందుకు కోరుతున్నాడో, ఇంతవరకు ఏం చేశాడో దరఖాస్తుదారుడు స్వయంగా రాసుకోవలసిన వివరణ. అది ఒకే అచ్చులో పోసినట్టు వందలమందికి తయారైతే దాని విలువ ఏమీ మిగలదు. పైగా చాలా కన్సల్టెన్సీల రాబడి కొన్ని విశ్వవిద్యాలయాలు ఇచ్చే కమిషన్ మీద ఆధారపడి ఉంటుంది. పేరున్న పెద్ద విశ్వవిద్యాలయాలు సాధారణంగా కమిషన్ ఇవ్వవు గనుక, వాటి పేర్లు ఆ జాబితాల్లోకి ఎక్కడమే అరుదు. పల్లె విద్యార్థికి అమెరికా గురించి తెలిసిన ఒకే ఒక్క గుమ్మం అదే అయినప్పుడు, అగ్రశ్రేణి విశ్వవిద్యాలయం అతడి ఊహలోకే రాకుండా పోయింది.

దీని ఫలితాలు రెండు రకాలుగా కనిపించాయి. బ్రూకింగ్స్ సంస్థ 2014లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2008–2012 మధ్య ఎఫ్-1 వీసా మీద అమెరికా వెళ్లిన విద్యార్థుల్లో 26 వేల మందికి పైగా హైదరాబాదు నుంచి వెళ్లగా, సైన్సు, ఇంజినీరింగ్ రంగాల్లో ప్రపంచంలోని నగరాలన్నిటిలో ఆ నగరానిదే మొదటి స్థానం. చదువు ముగిశాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే ఓపీటీ అనే వెసులుబాటును సైన్సు విద్యార్థులకు 2008లో 17 నెలలు, 2016లో 24 నెలలు పొడిగించడం ఈ వెల్లువకు ఊతమిచ్చింది. మరోవైపు, 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు నడివీధిన పడిన పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అధిక సంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్ వారే. వారిలో కొందరి కాళ్లకు నిఘా కడియాలు వేశారు. 2019లో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే వల పన్నినట్టు నడిపిన బూటకపు విశ్వవిద్యాలయంలోనూ అరెస్టయినవారు దాదాపు అందరూ భారతీయులే. సాక్ష్యాన్ని కొనుక్కోవడం అలవాటైన చోట, నకిలీ సంస్థకూ అసలు సంస్థకూ తేడా తెలుసుకునే చూపు మందగిస్తుంది.

ఇడుపులపాయ, అగ్రశ్రేణి ద్వారం

వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆర్.కె. వ్యాలీ ప్రాంగణం ప్రారంభమైంది. బాసర, నూజివీడు ప్రాంగణాలతో పాటు ఒక్కొక్కదానిలో రెండేసి వేలమందిని పదవ తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకుని, రెండేళ్ల ప్రీ-యూనివర్సిటీ చదువు, నాలుగేళ్ల ఇంజినీరింగ్ కలిపి ఆరేళ్లు ఒకేచోట చదివించడం దీని పద్ధతి. ప్రభుత్వ బడిలో చదివినవారు ఎదుర్కొనే లోటును పూడ్చడానికి తర్వాతి కాలంలో వారి సగటు గ్రేడుకు 0.4 పాయింట్లు అదనంగా కలిపారు. ఈ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్‌గా వ్యవహరించినవాడు కాటూరు రాజ్ రెడ్డి. మొదటి జట్టు 2014లో పట్టాలు పుచ్చుకుంది. పల్లె పిల్లవాడి ప్రతిభను కోచింగ్ పరీక్షతో కాక, అతడి బడిలో అతడి స్థానంతో కొలవాలన్న ఈ ఆలోచన, విచిత్రంగా, అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల ప్రవేశ విధానానికి మన ప్రవేశ పరీక్షల కన్నా దగ్గరగా ఉంది. అవి కూడా విద్యార్థి సాధించినదాన్ని అతడికి అందుబాటులో ఉన్న అవకాశాలతో పోల్చి చూస్తామనే చెబుతాయి.

ఆ పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఇంటర్మీడియట్ తర్వాత నేరుగా హార్వర్డ్, ఎంఐటీ వంటి చోట్ల డిగ్రీలో చేరాలంటే సమర్పించవలసిన సాక్ష్యం తొమ్మిదవ తరగతి నుంచే పోగవుతూ రావాలి. 1975లో పదిహేను ప్రైవేటు కళాశాలలు కలిసి మొదలుపెట్టిన కామన్ అప్లికేషన్ అనే ఉమ్మడి దరఖాస్తులో నాలుగేళ్ల మార్కులు, బడి బయట చేసిన పది పనుల జాబితా, 650 పదాలకు మించని స్వీయ వ్యాసం, ఉపాధ్యాయుల లేఖలు, బడిలోని కౌన్సెలర్ రాసే నివేదిక ఉండాలి. కౌన్సెలర్ అంటే ప్రతి విద్యార్థి చదువునూ దగ్గరగా గమనిస్తూ, పై చదువులకు దారి చూపే ఉద్యోగి. అటువంటి పదవి మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనూ లేదు, ఎంపీసీ, బైపీసీ తరగతులను రాత్రింబవళ్లు నడిపే కార్పొరేట్ కళాశాలలోనూ లేదు. బడి బయట పనుల జాబితా అక్కడి పిల్లలకు ఖాళీగా మిగలడానికి కారణం సోమరితనం కాదు. పొలం పనులు, తమ్ముళ్ల బాధ్యత, దుకాణంలో నాన్నకు సాయం వంటివి కూడా ఆ జాబితాలో రాయదగినవేనని చెప్పేవారు లేకపోవడం.

డబ్బు విషయంలో మాత్రం ఈ ద్వారం తొలిచూపుకు కనిపించినంత ఇరుకైనది కాదు. విద్యార్థి ఖర్చు భరించగలడా లేదా అన్నది చూడకుండా ప్రవేశం నిర్ణయించి, తర్వాత లోటు మొత్తాన్ని తామే భర్తీ చేసే విధానాన్ని హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ విదేశీ విద్యార్థులకూ వర్తింపజేస్తుండగా, 2022లో డార్ట్‌మత్, బౌడిన్ కూడా వాటితో చేరాయి. అంటే, సంపన్న విద్యార్థి ఫీజు కట్టి చదివే సాధారణ విశ్వవిద్యాలయం కన్నా, ఈ కొద్దిపాటి విశ్వవిద్యాలయాలే బీద విద్యార్థికి చవకైనవి. పొలం తాకట్టు చెల్లని వేంపల్లె రైతు ఇంటికి ఈ సంగతి తెలియడమే పెద్ద మలుపు కాగలదు. డాక్టరేట్ చదువులకూ ఇదే వర్తిస్తుంది: సైన్సు, ఇంజినీరింగ్ శాఖల్లో అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థికి ఫీజు లేకుండా, భృతి ఇచ్చి చదివిస్తాయి. వాటి ప్రవేశంలో ఇప్పుడు జీఆర్ఈకి పూర్వపు ప్రాధాన్యం లేదు. అనేక శాఖలు ఆ పరీక్షను అడగడమే మానుకున్నాయి. దాని స్థానంలోకి వచ్చినవి పరిశోధన అనుభవం, దాన్ని దగ్గరుండి చూసిన ఆచార్యులు రాసే మూడు లేఖలు. పరీక్ష తప్పుకోవడంతో మళ్లీ సిఫారసే పెద్దదై కూర్చుంది.

ప్రభుత్వమే సాక్షి

రాష్ట్ర ప్రభుత్వాలు ఇటీవలి దశాబ్దంలో విదేశీ చదువులకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యార్థుల కోసం అంబేద్కర్ పేరుతో వచ్చిన పథకం తర్వాత, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ విద్యా దీవెన అమలులోకి వచ్చింది. ఏడాదికి 8 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు ఇది వర్తించింది. క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే ప్రపంచ ర్యాంకులను కొలమానంగా పెట్టుకోవడంతో, ఏ విశ్వవిద్యాలయంలోనైనా సీటు వస్తే చాలన్న పాత ధోరణికి బదులు, అగ్రశ్రేణిలో సీటు వస్తేనే సాయం అన్న నియమం రాష్ట్ర ప్రభుత్వ విధానంలోకి వచ్చింది. పథకాల పేర్లు, పరిమితులు ప్రభుత్వాలతో పాటు మారుతుండటం వీటి బలహీనత: ఆరేళ్ల డాక్టరేట్‌కో నాలుగేళ్ల డిగ్రీకో బయలుదేరే విద్యార్థి ఒక ఎన్నికల గడువుకు మించిన హామీని కోరుకుంటాడు.

అమెరికా వైపు పరిస్థితి కూడా స్థిరంగా లేదు. 2023–24లో అక్కడి భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి, 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటింది. మరుసటి ఏడాదికే, 2025 మేలో, విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలను కొన్ని వారాలు నిలిపివేసి, దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలించే నిబంధనతో తిరిగి తెరిచారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అప్పు తెచ్చి ఎంఎస్ చదివి, ఉద్యోగం సంపాదించి తీర్చడం అనే లెక్క మీద నడిచిన పాతికేళ్ల పద్ధతికి ఇది గట్టి దెబ్బ. భృతి మీద చదివే డాక్టరేట్‌కూ, ఖర్చంతా విశ్వవిద్యాలయమే భరించే డిగ్రీకీ ఆ దెబ్బ అంతగా తగలదు, ఎందుకంటే వాటిలో విద్యార్థి ఇంటి మీద అప్పు ఉండదు.

నూరేళ్ల ఈ క్రమాన్ని కలిపి చూస్తే, వేంపల్లెకు దూరంగా ఉన్న సాక్ష్యాలు ఒక్కొక్కటిగా దగ్గరకు వచ్చాయి. పట్టా అనంతపురానికి, తర్వాత పులివెందులకు, చివరికి ఇడుపులపాయకే వచ్చింది. పరీక్ష ఇంట్లోని కంప్యూటర్ ముందుకు వచ్చింది. వీసా మద్రాసు నుంచి హైదరాబాదుకు జరిగింది. డబ్బు విషయంలో అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలూ ఇక్కడి ప్రభుత్వమూ ఎంతో కొంత ముందుకు వచ్చాయి. ఇంకా దూరంగానే ఉన్నది ఒక్కటే: విద్యార్థి పనిని కళ్లారా చూసి, అది ఎంత మంచిదో అక్కడివారికి అర్థమయ్యే మాటల్లో రాయగలిగిన గురువు. సుబ్బారావుకు పట్టాలోని లోటును పూడ్చింది ప్రయోగశాలలోని పనే. రాజ్ రెడ్డికి మెకార్తీ వంటి గురువు దొరికింది పరిశోధనలోనే. ఉన్నత పాఠశాలలో ఒక కౌన్సెలర్, జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో మూడవ ఏడాది నుంచే విద్యార్థి చేత నిజమైన పరిశోధన చేయించే కొద్దిమంది అధ్యాపకులు ఉంటే, ఆ చివరి సాక్ష్యం కూడా ఈ సీమలోనే తయారవుతుంది. అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఉన్న ఉద్యోగాల్లో కొన్నింటికి ఈ పనిని అప్పగించడం, ఆ లేఖ రాయడాన్ని కూడా బోధనలో భాగంగానే లెక్కించడం చాలు.